పిల్లల రీడింగ్, రైటింగ్ టెస్ట్ రిపోర్ట్ చేతికొచ్చింది, దాన్ని చదవడం ఎలా?

స్కూల్ నించి రిపోర్ట్ వస్తుంది, రెండు మూడు పేజీలు, నిండా అంకెలు, ఒక గ్రాఫ్, పక్కన చిన్న అక్షరాల్లో ఏవో వివరణలు. చాలామంది చేసేది ఏంటంటే పైన పెద్దగా వేసిన ఒక్క నంబర్ చూసి సంతోషపడటమో, బెంగ పెట్టుకోవడమో చేసి కాగితం ఫైల్లో పెట్టేస్తారు. నిజానికి ఆ రిపోర్ట్ మొత్తంలో మీకు అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది ఆ పై నంబరే. పనికొచ్చే సంగతంతా కింద చిన్న చిన్న వరసల్లో ఉంటుంది, అందుకే దీన్ని కింద నించి పైకి చదవాలి అంటాను. ఎలాగో వరసగా చెప్తాను, తీరిగ్గా కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది, లెక్కలు పెద్దగా రావక్కర్లేదు.

ముందు ఇది ఏ రకం టెస్టో తేల్చుకోండి

టెస్టులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మీ పిల్లని అదే వయసు లేదా అదే తరగతి పిల్లలతో పోల్చి చెప్పేది, దీన్ని నార్మ్ రిఫరెన్స్‌డ్ టెస్ట్ అంటారు. ముందే వందలమంది, వేలమంది పిల్లలకి ఆ టెస్ట్ పెట్టి వాళ్ళ మార్కులు ఎలా ఉన్నాయో చూసుకుని పెట్టుకుంటారు, మీ పాప మార్కుని ఆ గుంపు పక్కన పెట్టి ఎక్కడుందో చెప్తారు. రెండోది, మిగతా పిల్లలతో సంబంధం లేకుండా, ఈ తరగతికి ఇది రావాలి అని ఒక గీత గీసి ఆ గీత దాటిందా లేదా అని చెప్పేది, ఇది క్రైటీరియన్ రిఫరెన్స్‌డ్. మొదటి రకంలో పర్సంటైల్ అనే మాట కనిపిస్తుంది, రెండో రకంలో లెవెల్ 1, లెవెల్ 2 అనో, ప్రొఫిషియెంట్ అనో, ఇంకా సాయం కావాలి అనో ఉంటుంది. కొన్ని రిపోర్టుల్లో రెండూ కలిపి ఇస్తారు.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, రెండూ వేరు వేరు ప్రశ్నలకి జవాబులు. క్లాసులో అందరూ బాగా చదివేవాళ్ళైతే మీ బాబు గీత హాయిగా దాటి కూడా పోలికలో కింద ఉండొచ్చు. అందరూ వెనకబడి ఉంటే పోలికలో మధ్యలో ఉండి కూడా గీత దాటకపోవచ్చు.

ఇంకో రెండు సంగతులు కూడా ఇక్కడే చూసేయండి. కంప్యూటర్ మీద రాసిన టెస్ట్ అయితే అది అడాప్టివ్ టెస్టా అని అడగండి. అంటే కరెక్ట్ చెప్తే తర్వాతి ప్రశ్న కష్టంగా, తప్పు చెప్తే తేలిగ్గా వస్తుంది. మ్యాప్ గ్రోత్ లాంటి టెస్టులు ఇలాంటివే, వీటిలో బాగా చదివే పిల్లలకైనా సుమారు సగం ప్రశ్నలు తప్పుపోయేలాగే తయారుచేస్తారు, కాబట్టి పిల్లాడు ఇంటికొచ్చి "చాలా కష్టంగా ఉంది, సగం రాలేదు" అంటే ఏమీ కంగారుపడక్కర్లేదు. అలాగే పీసా, పిర్ల్స్ అని వార్తల్లో దేశాల ర్యాంకులు వస్తుంటాయి కదా, అవి దేశాల గురించి చెప్పడానికి పెట్టేవి, ఒక్కో పిల్లకి రిపోర్ట్ ఇచ్చే టెస్టులు కావు, వాటిని తెచ్చి దీనితో కలపొద్దు.

అంకెల భాష, కావలసినంత వరకే

ఒక రిపోర్ట్ ఊహించుకుందాం, మూడో తరగతి పాపది, ఒక్కర్నే కూర్చోబెట్టి చేసిన టెస్ట్. పక్కన మీ రిపోర్ట్ పెట్టుకుని చూడండి.

మొత్తం రీడింగ్: 82, పర్సంటైల్ 12
పదాలు చదవడం: 83, పర్సంటైల్ 13
అర్థం లేని పదాలు చదవడం: 79, పర్సంటైల్ 8
తడబడకుండా, వేగంగా చదవడం: 81, పర్సంటైల్ 10
చదివింది అర్థం చేసుకోవడం: 94, పర్సంటైల్ 34
విని అర్థం చేసుకోవడం: 112, పర్సంటైల్ 79
స్పెల్లింగ్: 80, పర్సంటైల్ 9
వ్యాసం రాయడం: 91, పర్సంటైల్ 27

మొదటి నంబర్ స్టాండర్డ్ స్కోర్. ఇందులో సరిగ్గా మధ్యలో ఉన్నది 100. పిల్లల్లో మూడింట రెండొంతుల మంది, అంటే సుమారు 68 శాతం, 85 నించి 115 లోపు వస్తారు. 70 నించి 130 లోపు సుమారు 95 శాతం వచ్చేస్తారు. 82 అంటే వందకి ఎనభై రెండు మార్కులు కాదు! ఈ పొరపాటుతో "ఎనభై దాటింది, పర్లేదు" అనుకుని వదిలేసేవాళ్ళు చాలామందే ఉంటారు.

రెండో నంబర్ పర్సంటైల్, దీన్ని శాతం అనుకోవడం అన్నిటికన్నా మామూలుగా జరిగేది. పర్సంటైల్ 34 అంటే 34 శాతం జవాబులు కరెక్ట్ అని కాదు, ఫెయిల్ అయిందనీ కాదు. ఆ వయసు పిల్లల్ని వందమందిని మార్కుల వరసలో నిలబెడితే ఈ పాప వెనక ఒక 34 మంది ఉంటారు, అంతే, అది మామూలు పిల్లల మధ్యలోనే ఉన్నట్టు. 25 నించి 75 దాకా ఎక్కడున్నా నేనైతే దాని గురించి నిద్ర పాడుచేసుకోను.

పర్సంటైల్‌తో ఇంకో చిక్కు ఉంది. మధ్యలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు, చివర్లలో పల్చగా ఉంటారు. అందుకని స్టాండర్డ్ స్కోర్ 97 నించి 103కి మారితే పర్సంటైల్ 42 నించి 58కి దూకేస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అదే ఆరు పాయింట్లు 70 నించి 76కి పెరిగితే పర్సంటైల్ 2 నించి 5కి మాత్రమే వస్తుంది. పెరిగింది రెండు చోట్లా అంతే. బాగా వెనకబడిన పిల్ల సంవత్సరమంతా కష్టపడితే పర్సంటైల్‌లో అది కనపడకుండా పోతుంది, కాబట్టి ఎదుగుదల చూడాలంటే స్టాండర్డ్ స్కోర్ చూడండి, పర్సంటైల్ కాదు.

కొన్ని రిపోర్టుల్లో వేరే కొలతలు ఉంటాయి. స్కేల్డ్ స్కోర్ అయితే తరచుగా మధ్య నంబర్ 10 ఉంటుంది, 7 నించి 13 దాకా మామూలే, పదికి ఏడు మార్కులు అనుకోవద్దు. టీ స్కోర్ అయితే మధ్య 50, నలభై నించి అరవై మామూలు. స్టెనైన్ అయితే 1 నించి 9 దాకా, 4, 5, 6 మధ్యలో ఉన్నట్టు, పిల్లల్లో సగానికి పైగా ఈ మూడింట్లోనే ఉంటారు.

పక్కన రాసే మాటల్ని మరీ పట్టుకుని కూర్చోవద్దు. ఒక కంపెనీ 85 నించి 115 దాకా యావరేజ్ అంటుంది, ఇంకో కంపెనీ 90 నించి 109 దాకానే యావరేజ్ అని 80ల్లో ఉన్నవాళ్ళని లో యావరేజ్ అంటుంది, అదే 88కి ఒక చోట ఒక పేరు, ఇంకో చోట ఇంకో పేరు.

గ్రేడ్ ఈక్వివలెంట్ లేదా ఏజ్ ఈక్వివలెంట్ అని ఒక కాలమ్ ఉంటే దాని మీద వేలు పెట్టి మూసేయండి. మూడో తరగతి బాబుకి 6.2 అని వస్తే ఆరో తరగతి పుస్తకాలు చదివేస్తాడని కాదు, ఈ మూడో తరగతి టెస్టుని ఒక మామూలు ఆరో తరగతి పిల్లాడు రాస్తే వచ్చేటన్ని మార్కులు వీడికి వచ్చాయని మాత్రమే. ఇంటర్నేషనల్ రీడింగ్ అసోసియేషన్ 1981లోనే ఈ స్కోర్లు తప్పుదోవ పట్టిస్తున్నాయి, వాడొద్దు అని తీర్మానం చేసింది, అయినా ఇప్పటికీ రిపోర్టుల్లో వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే చూడగానే అర్థమైనట్టు అనిపిస్తుంది.

ఎవరితో పోల్చారో చూడండి

చిన్న అక్షరాల్లో ఏజ్ నార్మ్స్ అనో గ్రేడ్ నార్మ్స్ అనో ఉంటుంది. క్లాసులో అందరికన్నా చిన్నదాన్ని తరగతితో పోలిస్తే ఒక నంబర్ వస్తుంది, వయసుతో పోలిస్తే ఇంకాస్త మంచి నంబర్ వస్తుంది. ఒక తరగతి మళ్ళీ చదివిన పిల్లాడికి ఇదే తలకిందులుగా అవుతుంది, తరగతితో పోలిస్తే బాగానే ఉన్నట్టు ఉంటాడు. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టేటప్పుడు రెండూ ఒకే పోలికతో ఉన్నాయా అని మాత్రం తప్పకుండా చూసుకోండి.

ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయితే ఇది ఇంకా ముఖ్యం. పోల్చిన గుంపులో ఎక్కువమంది పుట్టినప్పటి నించీ ఆ టెస్ట్ భాషే మాట్లాడేవాళ్ళైతే, మీ పిల్లకి తక్కువొచ్చిన వొకాబులరీ స్కోర్ చదవలేకపోవడం గురించి చెప్తోందా, ఆ భాష ఇంకా పూర్తిగా అలవాటు కాకపోవడం గురించి చెప్తోందా అని అడగాల్సిందే. టీచర్ కంటే ముందు మీరే ఈ విషయం ఎత్తండి. ఇంటి భాషలో కథ చెప్తే బాగా అర్థం చేసుకుని తిరిగి చెప్తుందా, ఆ భాషలో అయినా మాటలు, ప్రాసలు తేలిగ్గా పట్టుకుంటుందా అన్నది మీకే తెలుసు, టెస్ట్ చేసినాయనకి తెలీదు.

నంబర్ కాదు, నంబర్ చుట్టూ ఉన్న దూరం చూడండి

ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఎక్కి దిగి మళ్ళీ ఎక్కితే అర కేజీ తేడా చూపిస్తుంది కదా, టెస్టులు కూడా అంతే. పిల్లకి ఆ రోజు జలుబు, పక్క గదిలో గోల, అనుకోకుండా తెలిసిన కథే వచ్చింది, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. అందుకే మంచి రిపోర్టులో స్కోర్ పక్కన 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అని రెండు నంబర్లు ఇస్తారు, 94 పక్కన 88 నించి 100 అని. మీ పాప అసలు స్థాయి దాదాపుగా ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది అని దాని భావం. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది 94 కాదు, 88 నించి 100.

రిపోర్టులో ఇది లేకపోతే అడగండి, టెస్ట్ మాన్యువల్‌లో ఉంటుంది. సాధారణంగా చిన్న చిన్న టెస్టుల్లో ఈ దూరం ఎక్కువ, చాలా ప్రశ్నలున్న పెద్ద టెస్టుల్లో తక్కువ.

పోయిన సంవత్సరం 94, ఈ సంవత్సరం 89 అనుకోండి. తగ్గిపోయింది అని ఇంట్లో పెద్ద గొడవ చేస్తారు. పోయినసారి 88 నించి 100, ఈసారి 83 నించి 95, రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, ఇంత చిన్న తేడాని పట్టుకుని ఏమీ చెప్పలేం. ఇలాంటి టెస్టులో తేడా ఒక ఎనిమిది తొమ్మిది పాయింట్లు దాటితే అప్పుడు నిజంగా ఏదో మారిందని అనుకోవచ్చు. ఇంకొకటి, పోయిన సంవత్సరం 94 ఈ సంవత్సరం కూడా 94 వస్తే "ఏమీ నేర్చుకోలేదు" అనుకుంటారు చూడండి, అది అస్సలు కాదు. ఏడాదిలో తోటి పిల్లలందరూ ముందుకెళ్ళారు, ఈ పాప కూడా వాళ్ళతో సమానంగా వెళ్ళింది కాబట్టే అక్కడే ఉంది.

రెండు వేరే టెస్టుల స్కోర్లు పోల్చొద్దు, ఒకే టెస్ట్ అయినా మధ్యలో స్కేల్ మార్చారేమో చూడండి. ఆస్ట్రేలియాలో బడి పిల్లలకి పెట్టే నాప్లాన్ అనే టెస్ట్ 2023లో కొత్త స్కేల్‌కి మారింది, అంతకుముందు సంవత్సరాల స్కోర్లతో దాన్ని నేరుగా పోల్చకూడదని వాళ్ళే చెప్పారు.

ఇప్పుడు అసలు పని: ఏది ఎక్కువ, ఏది తక్కువ

మళ్ళీ ఆ ఊహించుకున్న రిపోర్ట్‌కి రండి. మొత్తం రీడింగ్ 82 అన్నారు. ఇది దాని కిందే ఉన్న నాలుగు వరసలు కలిపి వేసింది (సగటు తీస్తే 84 వస్తోంది కదా 82 ఏంటి అంటారేమో, నాలుగింట్లో కలిపి తక్కువ రావడం అనేది ఒక్కదాంట్లో తక్కువ రావడం కన్నా అరుదు, అందుకని కలిపినప్పుడు ఇంకాస్త కిందకి దిగుతుంది). ఈ 82 చూస్తే "చదువులో వెనకబడింది" అన్న ముక్క తప్ప ఏమీ తెలీదు. కింద వరసలు చూస్తే మాత్రం కథ మొత్తం తెలిసిపోతుంది.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం గురించి ఒక తేలిక లెక్క చెప్పారు, ఇప్పటికీ చాలామంది దాన్నే వాడతారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల్ని మాటలుగా మార్చుకోగలగడం ఇంటూ ఆ భాషని విని అర్థం చేసుకోగలగడం. కూడిక కాదు, గుణకారం, అంటే ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే. కాబట్టి మీరు వెతకాల్సింది ఆ రెండింట్లో ఎక్కడ గండి పడిందీ అని.

మన ఊహ రిపోర్టులో పాపకి ఎవరైనా చదివి వినిపిస్తే అద్భుతంగా అర్థమవుతుంది, 112. తనే చదివితే 94. అర్థం లేని పదాలు చదవడం 79. ఈ అర్థం లేని పదాలు ఏంటి అంటే, గిటుపలు, తరిపుకు లాంటివన్నమాట, ఏ నిఘంటువులోనూ ఉండవు, వాటిని పెట్టేది ఎందుకంటే ముందే చూసి బట్టీపట్టిన మాట కాకుండా అక్షరాల్ని శబ్దాలుగా కూర్చుకోవడం వచ్చా లేదా అని తెలుసుకోవడానికి. అది రావట్లేదు, స్పెల్లింగ్ కూడా 80, అంటే శబ్దాల్ని అక్షరాలుగా విడగొట్టడం కూడా కష్టంగానే ఉంది, వేగం 81, ఒక్కో మాటనీ కష్టపడి చదివేటప్పుడు వేగం ఎక్కణ్ణించి వస్తుంది. మరి అర్థం చేసుకోవడం 94 ఎలా వచ్చింది అంటే, అర్థమైన నాలుగు మాటలు పట్టుకుని మిగతాది తెలివితో, బొమ్మలతో, ముందే తెలిసిన సంగతులతో ఊహించేస్తోంది. ఇలాంటి పిల్లలు చిన్న తరగతుల్లో ఎవరికీ దొరకరు, పాఠాలు పెద్దవై బొమ్మలు తగ్గిపోయాక ఒక్కసారిగా కూలబడతారు, అప్పుడు "ఇన్నాళ్ళూ బాగానే చదివేది, ఇప్పుడు బద్ధకం వచ్చింది" అంటారు. బద్ధకం కాదు.

ఈ పాపకి ఇంకా ఎక్కువ కథల పుస్తకాలు కొనిచ్చి చదువు చదువు అంటే లాభం లేదు, అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకెని మొదటి నించీ వరసలో నేర్పించాలి.

దీనికి తలకిందులుగా ఉండే రిపోర్ట్ కూడా ఉంటుంది. పదాలు గడగడా చదివేస్తాడు, 108, అర్థం లేని పదాలు కూడా 106, వేగం 110, కానీ చదివింది అర్థం చేసుకోవడం 84, విని అర్థం చేసుకోవడం కూడా 83. బయటికి గట్టిగా చదివితే అందరూ మెచ్చుకుంటారు, ఇంటికొచ్చిన బంధువుల ముందు చదివిస్తారు కూడా. చదవడంలో ఏ తప్పూ లేదు, భాషలోనే ఉంది వెలితి, మాటలు, వాక్యాల అల్లిక, లోకజ్ఞానం. వీడికి అక్షరాలు మళ్ళీ నేర్పిస్తే టైమ్ దండగ. కబుర్లు, కలిసి చదవడం, ఇది ఎందుకు జరిగింది ఆ తర్వాత ఏమవుతుంది అని అడగడం, కొత్త మాటల్ని నిజంగా వాడించడం, ఇవి కావాలి. ఆ రిపోర్టులో మొత్తం స్కోర్ మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, నా ఉద్దేశంలో ఎక్కువగా తప్పించుకుపోయేది ఈ పిల్లలే.

మూడోది, అన్నీ మామూలుగా ఉండి వేగం ఒక్కటే తక్కువ. ఇలాంటప్పుడు రిపీటెడ్ రీడింగ్, అంటే ఒకే చిన్న పేరాని రోజూ కొన్నిసార్లు చదివించడం పనిచేస్తుంది, పరీక్షల్లో ఎక్కువ టైమ్ ఇవ్వమని అడగొచ్చు.

నాలుగోది, అక్షరాలు కూర్చుకుని చదవడం, విని అర్థం చేసుకోవడం, రెండూ తక్కువ. అప్పుడు రెండు వైపులా పని చేయాలి. అన్నిటికన్నా ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి, ఇది ఏ రకం రిపోర్ట్ వచ్చినా చేయాల్సిందే, తేలిక పని, చాలాసార్లు చివరికి గుర్తొస్తుంది.

తేడాలు చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. రెండు వరసల మధ్య ఐదారు పాయింట్ల తేడాని పట్టుకుని కథలు అల్లొద్దు. 79కీ 83కీ తేడా లేనట్టే. 79కీ 112కీ ఉన్న తేడా లాంటిదే మాట్లాడుతుంది.

రాత స్కోర్ దగ్గర కాస్త నెమ్మది

రాయడంలో స్పెల్లింగ్, వాక్యం, వ్యాసం అని విడివిడిగా ఉంటే మంచిది. స్పెల్లింగ్ స్కోర్ గట్టిది, తప్పో ఒప్పో అంతే. వ్యాసం స్కోర్ అంత గట్టిది కాదు, ఒకే ఒక్క టాపిక్ ఇస్తారు, ఆ టాపిక్ మీద పిల్లకి చెప్పడానికి ఏమీ లేకపోతే అక్కడే పోతుంది, తర్వాత మనుషులు దిద్దుతారు, ఒకాయన నాలుగిస్తే ఇంకొకావిడ మూడిస్తుంది. చేతిరాత బాగోకపోతే అదే వ్యాసానికి మార్కులు తగ్గుతాయని పరిశోధనల్లో చాలాకాలంగా చూస్తున్నదే. కాబట్టి 91 వచ్చినా 97 వచ్చినా మీరు చూడాల్సింది స్కోర్ కాదు, ఆ కాగితం. రాసిన పేపర్ చూపించమని అడగండి, ఎక్కువ చోట్ల చూపిస్తారు.

పేపర్ చేతికొచ్చాక రెండు ప్రశ్నలు వేసుకోండి. చెప్పాలనుకున్నది ఉందా? ఉన్నది కాగితం మీదకి వచ్చిందా? అదే సంగతి మీద పాపని నోటితో చెప్పమనండి, నోటితో ఐదు నిమిషాలు రసవత్తరంగా చెప్పి కాగితం మీద మూడు పొడి వాక్యాలు రాస్తే, గొడవ ఆలోచనల్లో లేదు, చేతిలోనో స్పెల్లింగ్‌లోనో ఉంది. స్పెల్లింగ్ రాని పిల్లలు తెలిసిన చిన్న మాటలే రాస్తారు, అద్భుతం అని రాయాలనుకుని బాగుంది అని రాసేస్తారు, అప్పుడు వొకాబులరీ మార్కులు కూడా పోతాయి. నోటితో కూడా చెప్పలేకపోతే అప్పుడు సంగతి వేరు, ముందు మాట్లాడించడం మీద పని చేయాలి.

టీచర్‌ని కలిసేటప్పుడు

ముందే రిపోర్ట్ మీద మీకు అర్థంకాని చోట గుండ్రంగా సున్నా చుట్టి పెట్టుకోండి. "మా పిల్ల ఎలా చదువుతోంది" అని అడిగితే "బాగానే ఉంది, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అన్న జవాబు వస్తుంది, దాంతో ఏమీ చేయలేం. ఇలా అడగండి: క్లాసులో మీరు చూసేది ఈ స్కోర్‌తో సరిపోతోందా? ఏ వరస మీకు ఆశ్చర్యంగా ఉంది? ఆ బలహీనంగా ఉన్న చోట వచ్చే రెండు మూడు నెలల్లో ఏం చేస్తారు, వారానికి ఎన్నిసార్లు, ఎవరు చేస్తారు? అది పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది, మళ్ళీ ఎప్పుడు చూస్తారు?

క్లాసులో కనిపించేదీ టెస్టులో వచ్చిందీ కలవకపోతే టెస్టుని ఒక్కదాన్నే కాకుండా రెండింటినీ అనుమానించండి. టెస్ట్ రోజు బాగోకపోయి ఉండొచ్చు, అలాగే క్లాసులో పిల్ల బాగా దాచుకుంటూ కూడా ఉండొచ్చు. మళ్ళీ టెస్ట్ పెట్టమంటే వెంటనే అదే టెస్ట్ పెట్టించొద్దు, ప్రశ్నలు గుర్తుండిపోయి స్కోర్ ఉత్తినే పెరుగుతుంది, వేరే ఫారమ్, అంటే అదే టెస్ట్ వేరే ప్రశ్నలతో, ఉందేమో అడగండి.

డిస్లెక్సియా, అంటే మాటలు చదవడంలో, స్పెల్లింగ్‌లో వదలకుండా ఉండే ఇబ్బంది, అనే అనుమానం వస్తే, స్కూల్లో అందరికీ పెట్టిన ఒక్క టెస్టుతో అది తేలదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే వైద్యుల మార్గదర్శిలో దీన్ని స్పెసిఫిక్ లర్నింగ్ డిజార్డర్ కింద పెట్టారు, అందులో ఆ కష్టాలు సరైన సాయం చేశాక కూడా కనీసం ఆరు నెలలు ఉండాలి అంటారు, విడిగా కూర్చోబెట్టి చేసిన టెస్టుల్లో స్కోర్ 78 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఎక్కువ గట్టిగా చెప్పొచ్చు అంటారు, అదే ఏకైక గీత మాత్రం కాదు. కాబట్టి రాతపూర్వకంగా స్కూల్‌ని అడగండి, లేదా చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. సాయం మొదలుపెట్టడానికి మాత్రం ఆ పేరు కోసం ఆగక్కర్లేదు, శబ్దాలు, అక్షరాలు నేర్పించడం ఏ పిల్లకీ చెడు చేయదు.

పిల్లకి ఏం చెప్పాలి

నంబర్లు చెప్పక్కర్లేదు, అడిగితే దాచక్కర్లేదు కూడా. చిన్నపిల్లలైతే "కథలు విని అర్థం చేసుకోవడం నీకు చాలా బాగా వచ్చు, అక్షరాలు కలిపి చదవడం దగ్గర కష్టపడుతున్నావు, దానికి నేర్పించే పద్ధతులున్నాయి, మనం రోజూ కాసేపు చేద్దాం" అంటే చాలు. వాళ్ళకి తమకి కష్టంగా ఉందని ముందే తెలుసు, ఎందుకో తెలీక తెలివి లేదేమో అనుకుంటారు. అక్కతోనో పక్కింటి అబ్బాయితోనో పోల్చొద్దు, తిట్లొద్దు. పెద్ద పిల్లలైతే రిపోర్ట్ పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, ఏ వరస తనకి నిజమనిపిస్తోంది అని అడగండి, చాలాసార్లు టీచర్ చెప్పనిది వాళ్ళే చెప్పేస్తారు, "వేగంగా చదవమంటే నాకు లైన్లు కలిసిపోతాయి" లాంటివి, అది రాసిపెట్టుకుని కళ్ళ డాక్టర్‌కీ టీచర్‌కీ చెప్పండి.

రిపోర్ట్ కాపీ ఒకటి తేదీతో, టెస్ట్ పేరుతో, ఏజ్ నార్మ్సా గ్రేడ్ నార్మ్సా అన్న ముక్కతో సహా దాచిపెట్టుకోండి. వచ్చే సంవత్సరం రిపోర్ట్ వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడటానికి ఈ మూడూ లేకపోతే పాత కాగితం దేనికీ పనికిరాదు.